ఉపాధ్యాయిని అడిగిన ప్రశ్న

ప్రతి పాఠశాలలోను ఒక కడపటి బల్ల ఉండును. ఆ బల్లమీద కూర్చుండు బాలునకు తరచుగా ఒక బిరుదు కూడ ఉండును. కొందరు "మొద్దు" అందురు. కొందరు "శుంఠ" అందురు. కొంత మర్యాద పాటింపదలచినవారు "మందమతి" అని ఊరకుందురు. ఆ మాట పసివాని మనస్సును నొప్పించుననుట అందరెరిగినదే. అంతకు మించిన కీడు మరియొకటి కలదు. పేరు పెట్టిన మరుక్షణముననే పరిశీలన ఆగిపోవును. "వీడు మొద్దు" అని తీర్పు చెప్పిన పిమ్మట "వీనికి ఎందువలన రాదు?" అను ప్రశ్నకు తావే ఉండదు.

ఆ ప్రశ్నను విడువక అడిగిన ఒక ఉపాధ్యాయిని వలన ఒక శాస్త్రశాఖకు బీజము పడినది. ఇంగ్లీషువారు దానిని క్లినికల్ సైకాలజీ యందురు. తెలుగున చికిత్సా మనస్తత్వశాస్త్రమనవచ్చును. మనోవ్యాధులకు వైద్యము చేయు ఆసుపత్రిలో అది పుట్టినదని పెక్కుమంది తలంతురు. దాని పుట్టుక బడిపిల్లవాని తప్పుల పుస్తకములో ఉన్నది.

అక్షరములు నిలువని బాలుడు

1896వ సంవత్సరము మార్చి నెల. అమెరికా దేశమున ఫిలడెల్ఫియా నగరములోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున లైట్నర్ విట్మర్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు బోధించుచుండెను. అప్పటికాతనికి ముప్పది యేండ్లు నిండలేదు. జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున, ప్రయోగ మనస్తత్వశాస్త్రమునకు ఆద్యుడని పేరొందిన విల్‌హెల్మ్ వుంట్ కడ శిష్యరికము చేసి వచ్చినవాడు. ఆనాటి మనస్తత్వశాస్త్రము ప్రయోగశాల గడప దాటుట అరుదు. దీపము వెలిగినంతనే మనుష్యుడు ఎంత వడిగా మీట నొక్కును, రెండు బరువులలోని తేడాను ఎంత సూక్ష్మముగా గుర్తించును అను కొలతలే దాని ముఖ్యవ్యాపారము. బడిలో పాఠము రాని పిల్లవానితో దానికి ప్రసక్తి లేదు.

విట్మర్ ఉపన్యాసములు వినుటకు నగరములోని ఉపాధ్యాయులు కొందరు వచ్చుచుండిరి. వారిలో మార్గరెట్ మగ్వైర్ అను నామె తన బడిలోని ఒక బాలుని గూర్చి ఆయనను అడిగెను. వానికి పదునాలుగేండ్లు. తెలివిలో తోడి పిల్లలకు తీసిపోడు. వర్ణక్రమము మాత్రము వానికి ఎంతకును పట్టుబడదు. చదువునప్పుడు పదములు తారుమారగును. ఇంగ్లీషులో మూడక్షరముల "సా" అను పదమును వెనుకనుండి ముందునకు చదివి "వాజ్" అనును. మనస్సును గూర్చిన శాస్త్రము ఇట్టి పిల్లవాని విషయమున ఏమైన చేయగలదా? ఆమె ప్రశ్న సారాంశ మిది.

విట్మర్ చదివిన గ్రంథములలో దీనికి సమాధానము లేదు. అయినను, ఇట్టి సందర్భమున ఒక ఉపాధ్యాయినికి తోడ్పడలేని శాస్త్రము వలన ప్రయోజనమేమి యని ఆయన తలపోసెను. బాలుని తన యొద్దకు రప్పించుకొనెను. అనంతరము 1907లో ఆ వృత్తాంతమును ప్రకటించినప్పుడు బాలుని నిజనామము చెప్పక, చార్లెస్ గిల్మన్ అను మారుపేరు వాడెను.

మొదట కండ్లను పరీక్షింపజేసిరి. చూపులో లోపము బయటపడెను. ఒకే వస్తువు రెండుగా కనిపించుచుండెను. కండ్లద్దములు అమర్చిరి. కొంత మేలు కలిగెను గాని చదువు రాలేదు. మార్గము రెండుగా చీలుచోటు ఇదియే. "అద్దములు కూడ పెట్టించితిమి; ఇంకను చదువడేమి? సోమరి గాక మరేమి?" అని అక్కడ ఆగిపోవువారు లోకమున పెక్కుమంది. విట్మర్ ఆగలేదు. ఒక లోపము వెనుక మరియొక లోపము దాగియున్నదని ఊహించెను. బాలుడు పదమును చూచుచున్నాడు. చూచిన పదము యొక్క రూపము వాని జ్ఞాపకమున నిలుచుట లేదు. కావున అక్షరమక్షరము కూడబలుకుకొని చదువు పద్ధతిని మాన్పించి, పదమును ఒక బొమ్మవలె మొత్తముగా గుర్తించు సాధన చేయించెను. నెలల తరబడి ఓపికతో నేర్పిన పిదప బాలుడు సామాన్యమైన పుస్తకములు చదువగలిగెను. అతడు దీర్ఘాయుష్మంతుడు కాలేదు. 1907 జనవరిలో క్షయరోగమున మరణించెను. నేటి శాస్త్రజ్ఞులు అట్టి స్థితిని డిస్లెక్సియా యందురు.

పరీక్షయు బోధనయు

ఆ 1896వ సంవత్సరముననే విట్మర్ తన విశ్వవిద్యాలయమున ఒక మనస్తత్వ చికిత్సాలయమును నెలకొల్పెను. ప్రపంచమున అట్టిది అదియే మొదటిదని చరిత్రకారులు చెప్పుదురు. 1907లో "ది సైకలాజికల్ క్లినిక్" అను పత్రికను స్థాపించి, దానిలో తన విద్యకు క్లినికల్ సైకాలజీ అను పేరును ప్రతిపాదించెను. క్లినిక్ అను మాట మంచము అను అర్థముగల గ్రీకు పదము నుండి వచ్చినది. వైద్యుడు రోగి మంచము చెంత కూర్చుండి ఆ యొక్కనిని పరిశీలించినట్లే, మనస్తత్వశాస్త్రజ్ఞుడును ఒక్కొక్క వ్యక్తిని విడివిడిగా పరిశీలింపవలెనని ఆయన యభిప్రాయము.

ఆయన పద్ధతిలో ముఖ్యముగా గమనింపదగిన దొకటి కలదు. పరీక్ష వేరు, బోధన వేరు అని ఆయన విడదీయలేదు. పిల్లవానికి ఒక చిన్న పని నేర్పి చూచుట. రానిచో ఎచ్చట తట్టుకొనినదో గమనించుట. ఆ మెట్టును రెండు చిన్న మెట్లుగా చేసి మరల నేర్పుట. నేర్పుచుండగనే బిడ్డ స్థితి తెలియవచ్చును. తెలిసిన కొలది బోధన మారును. వైద్యుని, ఉపాధ్యాయుని, ఇంటి పరిస్థితులు విచారించి వచ్చు సంఘసేవకుని ఆయన కలుపుకొని పనిచేసెను. తరువాతి కాలమున తెలివిని ఒక అంకెతో తూచు పరీక్షలు వ్యాపించినప్పుడు, ఆ యొక్క అంకెను నమ్మి బిడ్డ భవితవ్యమును తేల్చరాదని హెచ్చరించిన వారిలో ఆయన యొకడు.

విట్మర్ 1920 ప్రాంతమున ప్రకటించిన మరియొక వృత్తాంతము డాన్ అను పసివానిది. మూడేండ్లు నిండకముందే వానిని విట్మర్ వసతి పాఠశాలకు తెచ్చిరి. మాటలు లేవు. ఒక అట్టముక్కను పట్టుకొని దానివంకే చూచుచు గంటలు గడిపెడివాడు; దానిని లాగికొన్నచో పెనుగులాడెడివాడు. ఆనాటికి ఆ స్థితికి పేరు లేదు. పేరు లేకున్నను బోధన ఆగలేదు. కొన్ని సంవత్సరములలో వాడు మాటలును చదువును నేర్చుకొనెను. ఆ వర్ణనలో ఆటిజం లక్షణములు కనిపించుచున్నవని తరువాతి పండితులు కొందరు చెప్పిరి.

తల్లిపై మోపిన నింద

ఆ స్థితికి 1943లో పేరు వచ్చెను. బాల్టిమోర్ నగరమున లియో కానర్ అను మనోవైద్యుడు పదునొకండుగురు పిల్లల చరిత్రలను ప్రకటించెను. వారు ఇతరులతో కలియుటకంటె ఒంటరిగా ఉండుటకు ఇష్టపడిరి. చుట్టునున్న వస్తువులలోగాని దినచర్యలోగాని కొద్ది మార్పు వచ్చినను తాళలేకపోయిరి. ఆటిజం అను పదము ఆ వ్యాసముతో పిల్లల విషయమున స్థిరపడెను.

పేరు వచ్చినంతనే నిందయు వచ్చెను. తల్లిదండ్రుల ఆప్యాయత కరవైనందువలననే బిడ్డ ఇట్లు ముడుచుకొనిపోవునను వాదము బయలుదేరినది. చికాగోలోని బ్రూనో బెటల్‌హైమ్ 1967లో ప్రకటించిన గ్రంథముతో ఆ వాదమునకు మిక్కిలి ప్రచారము కలిగెను. బిడ్డను ఇంటినుండి వేరుచేయుటయే వైద్యమనిపించుకొనెను. బిడ్డకు మాట రాలేదను దుఃఖము చాలదన్నట్లు, ఆ దోషము నీదే యను మాటను కూడ తల్లి మోయవలసి వచ్చెను. బడిలో పిల్లవానికి బిరుదు పెట్టినట్లే ఇచ్చట తల్లికి బిరుదు పెట్టిరి. ఇచ్చటను పరిశీలన ఆగిపోయెను.

ఈ వాదమును మొదట బలముగా ఎదిరించినవాడు బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు. ఆయన కుమారుడును ఆటిజం గలవాడు. ఇది తల్లి పెంపకమున పుట్టినది కాదనియు, పుట్టుకతో మెదడు నిర్మాణమున ఉన్న భేదమనియు ఆయన 1964లో ఒక గ్రంథము వ్రాసి వాదించెను. తరువాతి పరిశోధనలు తల్లిపై మోపిన నిందను పూర్తిగా త్రోసిపుచ్చినవి.

వాదమున గెలిచినంత మాత్రమున ఇంటిలో బిడ్డ మారడు. తల్లి రేపు ఉదయము ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవాడు ఎరిక్ షాప్లర్. 1927లో జర్మనీలో ఒక యూదు కుటుంబమున జన్మించి, నాజీల పాలన వలన 1938లో తలిదండ్రులతో అమెరికా చేరినవాడు. బెటల్‌హైమ్ ఉన్న చికాగో విశ్వవిద్యాలయముననే చదివి, బెటల్‌హైమ్ మతమునకు విరుద్ధమైన మతమును స్థాపించెను. ఉత్తర కరొలైనాలో రాబర్ట్ రైక్లర్‌తో కలిసి పనిచేయుచు, తల్లిదండ్రులే చికిత్సలో సహచరులని 1971లో ప్రకటించెను. వారి చికిత్సాలయమున ఒకవైపు నుండి మాత్రమే కనిపించు అద్దము ఒకటి ఉండెను. నిపుణుడు బిడ్డకు నేర్పుచుండగా తల్లి ఆ అద్దము వెనుకనుండి చూచును. తరువాత తల్లి నేర్పుచుండగా నిపుణుడు చూచును. నేర్చుకొనుట ఇరువైపులను సాగును. 1972లో ఆ రాష్ట్ర శాసనసభ ఈ కార్యక్రమమును రాష్ట్రమంతటికి వర్తించునట్లు చేసెను. అదియే నేడు టీచ్ అను పేర ప్రసిద్ధమైనది.

నాలుగు ప్రశ్నలు

షాప్లర్ బృందము గ్రహించిన విషయము చూచుటకు సులభముగా కనిపించును. ఆటిజం గల పిల్లలలో పెక్కుమందికి విన్న మాటకంటె కంటికెదుట నిలిచిన వస్తువు తేలికగా బోధపడును. మాట పలికినంతనే గాలిలో కలిసిపోవును. బొమ్మ కదలక నిలుచును. కావున ఆ దినమున జరుగు పనులను బొమ్మలతోగాని పదములతోగాని వరుసగా గోడమీద ఉంచుదురు. భోజనమునకు ముందేమి, తరువాతనేమి అను సంగతి బిడ్డ తానే చూచి తెలిసికొనును.

పని ఇచ్చునప్పుడు నాలుగు ప్రశ్నలకు జవాబు కంటికి కనిపించునట్లు ఉండవలెను. ఏ పని చేయవలెను? ఎంత చేయవలెను? ముగిసినదని ఎట్లు తెలియును? ముగిసిన తరువాత ఏమి? ఎడమవైపు చేయవలసిన పని. కుడివైపు ముగించిన పని వేయు పెట్టె. ఎడమవైపు ఖాళీ అయినచో పని ముగిసినట్లే. ఈ యేర్పాటుతో కేకలు, ఏడ్పులు తగ్గిన సందర్భములు అనేకము. బిడ్డ మొండివాడని తలచిన చోట, అంతులేని పని ఎదుట నిలిచి భయపడినవాడని తేలెను.

ఉపాధ్యాయులు ఒక సంగతి గమనింతురు గాక. ఈ నాలుగు ప్రశ్నలు ఆటిజం లేని పిల్లవానికిని మేలే చేయును. "చదువుకో" అను ఆజ్ఞలో ఈ నాలుగింటిలో ఒకదానికైనను జవాబు లేదు.

ఎవరి కొరకు మార్పు?

అన్ని చికిత్సలును ఇంత దయతో నడువలేదు. 1960 దశకమున కాలిఫోర్నియాలో ఇవార్ లోవాస్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు, బహుమానములతోను శిక్షలతోను ఆటిజం గల పిల్లల నడవడిని మార్చు పద్ధతిని సాగించెను. శిక్షలలో చెంపదెబ్బలు, కొన్ని సందర్భములలో విద్యుత్ఘాతములు కూడ ఉండెను. 1987లో ఆయన ఒక వ్యాసము ప్రకటించుచు, వారమునకు నలుబది గంటలు శిక్షణ పొందిన 19 మంది పిల్లలలో 9 మంది సామాన్యుల స్థితికి చేరిరని చెప్పెను. ఆ ఫలితములపై వాదోపవాదములు చెలరేగినవి. ఆ శిక్షణ వలన మాటలు వచ్చిన పిల్లలు లేకపోలేదు. అయినను ఒక మూలప్రశ్న మిగిలెను. బిడ్డ సుఖముగా బ్రతుకుట లక్ష్యమా? చూచువారికి అందరివలె కనిపించుట లక్ష్యమా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు ఆ పిల్లలే పెద్దలై వచ్చిరి. 1993లో జిమ్ సింక్లైర్ అను ఆటిజం గల వ్యక్తి తల్లిదండ్రులనుద్దేశించి, తమను గూర్చి చనిపోయిన వారిని గూర్చి వలె శోకింపవద్దని, ఆటిజం తమ వ్యక్తిత్వము నుండి విడదీయరాని దని చెప్పెను. ఆ దశకము చివరి భాగమున న్యూరోడైవర్సిటీ అను మాట వ్యాప్తిలోనికి వచ్చెను. తెలుగున నాడీవైవిధ్యమనవచ్చును. మనుష్యుల మెదడులు ఒక్క అచ్చున పోసినవి కావు. ఆటిజం, డిస్లెక్సియా, నిలుకడలేని అవధానము మొదలైనవి ఆ వైవిధ్యములోని భేదములని దాని భావము. భేదమనినంత మాత్రమున కష్టము లేదని అర్థము కాదు. మాట రాని బిడ్డకు, క్షణమైనను కనిపెట్టియుండవలసిన బిడ్డకు సహాయము ఎంతయు అవసరము. సహాయము వేరు, అచ్చున పోయుట వేరు.

అందరివలె కనిపించుటకై తన స్వభావమును దాచుకొనుచు దినమంతయు నటించువారు ఎంత అలసిపోవుదురో ఇటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి. 2017లో బ్రిటన్ పరిశోధకులు ఆటిజం గల పెద్దలనే అడిగి, అట్టి నటన వలన కలుగు అలసటను, ఆందోళనను నమోదు చేసిరి. ఎదుటివాని కండ్లలోనికి చూడుమని బిడ్డను నిర్బంధించుట వలన మర్యాద కనిపించవచ్చును. ఆ యత్నములో చెప్పిన మాట వినబడకపోవచ్చును.

అందువలన నేటి వివేకవంతుడైన మనస్తత్వ చికిత్సకుడు తన గదినే మొదట మార్చుకొనును. మిరుమిట్లు గొలుపు దీపమును తగ్గించును. పంకా చప్పుడు బాధించుచున్నదేమో అడుగును. నానార్థముల మాటలు, ఉపమానములు మాని సూటిగా మాటాడును. ఈ దినము ఏమి మాటాడవలెనో కాగితముపై వ్రాసి యిచ్చును. నడుమ నడుమ విశ్రాంతి నిచ్చును. వచ్చినవానికి రైళ్లపై మక్కువయున్నచో ఆ రైళ్ల ద్వారముననే సంభాషణ నడుపును. ఆటిజం గల పెద్దల ఆందోళనకు, దిగులునకు చేయు చికిత్సను ఇట్లు మార్చుకొనవలెనని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2012లో మార్గదర్శకములందు సూచించెను. అతడు కుదుర్చబూనునది భయమును, దిగులును, నిద్రలేమిని, మనిషిని కాదు.

తెలుగు బడిలో

భారతదేశమున ఈ విద్యకు చరిత్ర లేకపోలేదు. 1954లో బెంగుళూరున అఖిలభారత మానసికారోగ్య సంస్థ ఏర్పడినది; నేటి నిమ్‌హాన్స్ దాని వారసురాలే. చికిత్సా మనస్తత్వశాస్త్రమున శిక్షణ అచ్చట 1955లో ఆరంభమయ్యెను. బుద్ధిమాంద్యము గలవారి కొరకు జాతీయసంస్థ 1984లో సికింద్రాబాదున నెలకొనెను; ఇప్పుడు దాని పేరు మారినది గాని పని సాగుచున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను పేర్కొనినది. వానిలో ఆటిజమును కలదు. చదువుట, వ్రాయుట, లెక్కించుటలో కలుగు ప్రత్యేకమైన చిక్కులును కలవు. ఆ చిక్కులను వీలైనంత త్వరగా కనిపెట్టి తగిన బోధనోపాయములు చేయవలెనని చట్టము విద్యాసంస్థలకు విధించినది. పరీక్షలో అదనపు సమయము, వ్రాసిపెట్టు లేఖకుడు, రెండవ మూడవ భాషల నుండి మినహాయింపు వంటి సవరణలను కూడ సూచించినది.

డిస్లెక్సియా ఇంగ్లీషు చదువు తెచ్చిన జబ్బని కొందరి యభిప్రాయము. అది సరికాదు, ఏ లిపిలోనైనను అది కనబడును. తెలుగులో పలుకునకును వ్రాతకును పొందిక యెక్కువ. కాని పోలిక గల అక్షరములు తక్కువ కాదు. ద, ధ, థ, ప, వ, ష, మ, య. వానిపై గుణింతములు, క్రింద ఒత్తులు. పద్యమును రెండుసార్లు విని అప్పజెప్పగల బాలుడు పుస్తకము తెరచినంతనే తడబడవచ్చును. అట్టివానిని గూర్చి "నోటికి వచ్చును గాని చదువుటకు బద్ధకము" అని తీర్పు చెప్పుట తేలిక. నోటికి వచ్చుచున్నదనుటయే వాని తెలివికి సాక్ష్యము. వైద్యునకు, మనస్తత్వశాస్త్రజ్ఞునకు తెలుపవలసిన మొదటి సంగతియు అదియే.

రోగనిర్ణయము ఉపాధ్యాయుని పని కాదు. పిల్లవానికి డిస్లెక్సియా యనియో ఆటిజమనియో బడిలోనే పేరు పెట్టుట, పాత బిరుదు తీసి కొత్త బిరుదు తగిలించుటయే యగును. ఆ నిర్ణయమునకు శిక్షణ పొందినవారు కలరు. అట్టివారి పేర్లు 1992 నాటి చట్టము ననుసరించి భారత పునరావాస మండలి పట్టికలో నమోదగును. అయినను వారు బిడ్డను చూచునది గంటయో రెండు గంటలో. ఉపాధ్యాయుడు సంవత్సరము పొడవున చూచును.

కావున బిడ్డను నిపుణుని యొద్దకు పంపునప్పుడు ఉపాధ్యాయుడు ఒక కాగితముపై కొన్ని మాటలు వ్రాసి పంపినచో మేలు. వానికి ఏమి చక్కగా వచ్చును. ఏ పనిలో ఏ చోట తడబడును. ఉదయమున తడబడునా, అలసిన పిదపనా. చప్పుడులో తడబడునా, నిశ్శబ్దములోనా. ఏమి చేసినప్పుడు తేరుకొనును. "మొద్దు" అను మాటకు ఆ కాగితములో చోటుండదు. 1896లో మార్గరెట్ మగ్వైర్ తన ఆచార్యునకు చెప్పినదియు ఇట్టి సమాచారమే: ఈ బాలునకు తెలివి ఉన్నది, వర్ణక్రమము రాదు, కారణము తెలిసికొనవలెను.